రాజకీయ భాషలో స్త్రీ : ఒక విమర్శనాత్మక పరిశీలన

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది పనులు చేయగలుగుతారు.
– రాజకీయాల్లోని స్త్రీల గురించి వాడే తిట్టులోనూ, పొగడ్తలోనూ, మర్యాదలోనూ దాగి ఉండే లింగవివక్షను గుర్తించడం.
– ఒక వార్తను, ప్రసంగాన్ని, ఫ్లెక్సీని విమర్శకుని దృష్టితో చదవడం.
– ‘తారుమారు పరీక్ష’ను ఉపయోగించడం, దాని పరిమితులను వివరించడం.

2. పరిచయం

కొన్నేళ్ల కిందటి మాట. ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం కౌన్సెలింగ్ తరగతి తీసుకుంటున్నాను. నలభై మంది దాకా విద్యార్థులు ఉన్నారు. రాజకీయాల్లో స్త్రీల పట్ల వివక్ష ఉందా అని అడిగాను. ‘ఒకప్పుడు ఉండేది సార్, ఇప్పుడు లేదు’ అన్నవారే ఎక్కువ. ఒక యువకుడు లేచి, ‘మా ఊరి సర్పంచి మహిళే సార్’ అని గర్వంగా చెప్పాడు. ఆమె పేరేమిటని అడిగాను. అతను తడుముకున్నాడు. ఆమె భర్త పేరు మాత్రం తడుముకోకుండా చెప్పాడు. మహిళా సర్పంచులున్న ఊళ్ల నుంచి వచ్చిన మరి కొందరిని అడిగాను. ఇద్దరు తప్ప అందరిదీ అదే పరిస్థితి.

తరగతి ముగిశాక చివరి వరుసలో కూర్చున్న ఒక గృహిణి నా దగ్గరికి వచ్చారు. ‘నేను వార్డు మెంబర్ని సార్’ అన్నారు. ఇంతసేపూ ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. ‘మీరు సర్పంచుల గురించే అడిగారు కదా సార్. అయినా మీటింగులకు మా ఆయనే వెళ్తారు. రిజిస్టరు ఇంటికి వస్తుంది, నేను సంతకం పెడతాను’ అన్నారు. ఆమె ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు. వాన పడింది, ఎండ కాసింది అన్నంత మామూలుగా చెప్పారు.

ఈ పాఠానికి మూలం ఆ మామూలుతనమే. నేటి యువతకు వివక్ష గురించి తెలియదని నేను అనను. బూతును, బహిరంగ అవమానాన్ని మీరు వెంటనే గుర్తుపడతారు, ఖండిస్తారు. కాని మీ ఎరుక చాలాసార్లు తిట్టు దగ్గరే ఆగిపోతుంది. మెచ్చుకోలులో, మర్యాదలో, రోజూ వాడే మాటలో ఉన్న వివక్ష మన కళ్లపడదు. దాన్ని చూడగలగడమే విమర్శ పని.

3. చట్టం ఇచ్చిన చోటు

ముందుగా వాస్తవాలు చూద్దాం. రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాని ద్వారా చేరిన 243-డి అధికరణం ప్రకారం పంచాయతీల్లో మూడో వంతుకు తక్కువ కాకుండా స్థానాలు, అధ్యక్ష పదవులు స్త్రీలకు దక్కాలి. షెడ్యూల్డు కులాలకు, తెగలకు కేటాయించిన స్థానాల్లోనూ అదే వాటా ఆ వర్గాల స్త్రీలకు ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో ఈ వాటాను సగానికి పెంచింది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం కూడా సగం వాటాను కొనసాగించింది.

పై అంతస్తు కథ వేరు. చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ బిల్లు మొదట 1996లో లోక్‌సభ ముందుకు వచ్చింది. 2010లో రాజ్యసభ ఆమోదించినా ముందుకు కదలలేదు. చివరికి 2023లో 106వ రాజ్యాంగ సవరణగా చట్టమైంది. అయితే దాని అమలును జనగణనకు, ఆ తరువాత జరిగే నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. 2024 ఎన్నికల్లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో స్త్రీలు 74 మంది. అంటే నూటికి పద్నాలుగు మంది కూడా కాదు.

ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. పల్లెలో పెరిగే పిల్లకు దగ్గరగా కనిపించగల రాజకీయ స్త్రీ పార్లమెంటులో లేదు, పంచాయతీ ఆఫీసులో ఉంది. అక్కడ ఆమె కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారన్నది అందుకే చిన్న ప్రశ్న కాదు.

‘సర్పంచి భర్త’ అనే అనధికార పదవి గురించి మీ అందరికీ తెలుసు. హిందీ ప్రాంతాల్లో దాన్ని ‘సర్పంచ్ పతి’ అంటారు. 2015 పంచాయతీరాజ్ దినోత్సవం నాడు ప్రధానమంత్రి ఈ పద్ధతి పోవాలన్నారు. 2023లో కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ దీని మీద ఒక కమిటీని వేసింది. భార్యల తరఫున పెత్తనం చేసేవారికి గట్టి శిక్షలు ఉండాలని ఆ కమిటీ సూచించింది. మంచిదే. కాని భర్త తనంతట తానే సర్పంచి కాలేదు. అర్జీ తీసుకెళ్లి అతని చేతిలో పెట్టిన ఊరివాళ్లం మనమే. అతనికి ఫోన్ చేసే ఉద్యోగి, ‘సర్పంచి గారు’ అని అతన్నే పిలిచే యువజన సంఘం, అతని బొమ్మను ఆమె బొమ్మకంటే పెద్దదిగా వేసే ఫ్లెక్సీ దుకాణం, అందరూ కలిస్తేనే ఆ పదవి పుట్టింది.

మరోవైపు ఆ పదవిని స్వయంగా నిర్వహించిన స్త్రీలూ ఉన్నారు. కర్నూలు జిల్లా కాల్వ గ్రామ సర్పంచిగా పనిచేసిన ఫాతిమా బీ 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి పురస్కారం అందుకున్నారు. కాబట్టి ‘వాళ్లకు చేతకాదు కనుక భర్తలు చేస్తున్నారు’ అనే వాదన నిలవదు.

4. తిట్టూ పొగడ్తా

ఇందిరాగాంధీ ప్రధానమంత్రి అయిన కొత్తల్లో రామ్‌మనోహర్ లోహియా ఆమెను ‘గూంగీ గుడియా’ అన్నారు. మాటరాని బొమ్మ అని అర్థం. కొన్నేళ్లు గడిచాయి. అదే ఇందిరను మెచ్చుకునేవారు ‘ఆ మంత్రివర్గంలో మగవాడంటే ఆమె ఒక్కతే’ అనడం మొదలుపెట్టారు. మొదటిది తిట్టు, రెండోది పొగడ్త. రెండింటి వెనుకా ఉన్న నమ్మకం ఒకటే. అధికారం మగలక్షణం అన్నదే ఆ నమ్మకం. చేతకాకపోతే ఆమె బొమ్మ, చేతనైతే ఆమె మగవాడు. స్త్రీగా ఉంటూనే సమర్థురాలు కావడానికి ఈ రెండు వాక్యాల్లోనూ చోటు లేదు.

మన తెలుగులో ఈ ధోరణికి కొదవ లేదు. ‘మగరాయుడు’, ‘మగాడిలా నిలబడింది’ అనే మాటలు మెప్పుగానే వాడుతున్నాం. ‘మేమేం గాజులు తొడుక్కుని కూర్చోలేదు’ అనే సవాలు అన్ని పార్టీల వేదికల మీదా వినిపిస్తుంది. పని చేయని అధికారికి గాజులూ చీరా ఇచ్చి నిరసన తెలపడం మనకు అలవాటే. ఆ పళ్లెం పట్టుకుని నడిచేవారు చాలాసార్లు మహిళా కార్యకర్తలే. ఒక్క క్షణం ఆగి ఆ దృశ్యాన్ని చదవండి. చేతినిండా గాజులున్న ఒక స్త్రీ, చేతకానితనానికి గుర్తుగా ఆ గాజులనే ఎదుటివాడికి ఇస్తోంది. ఆమె కోపం న్యాయమైనదే కావచ్చు. కాని ఆమె వాడిన భాష ఆమెకే ఎదురు తిరిగింది. వివక్ష చేసేది మగవారు మాత్రమే కాదని, భాష అందరి చేతా దాన్ని పలికిస్తుందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ప్రత్యర్థి నాయకుణ్ణి దెబ్బతీయడానికి అతని తల్లినో, భార్యనో, కూతురినో దూషించడం కూడా ఈ కోవలోదే. ఆ స్త్రీ రాజకీయాల్లో ఉండనక్కరలేదు. ఆమె అతని పరువుకు గుర్తు అంతే. ఆ దూషణను ఖండించేటప్పుడు ‘మా ఇంటి ఆడవాళ్ల జోలికి వస్తే ఊరుకోం’ అంటారు. ఖండనలోనూ ఆమె ఒక పౌరురాలు కాదు, ఇంటి సొత్తే.

పొగడ్త మనిషిని ఎలా కుదించగలదో చూడండి. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం పేరు చెబితే విద్యార్థులు ‘వీరవనిత’ అంటారు. ఆమె తుంగతుర్తి నుంచి రెండుసార్లు శాసనసభకు ఎన్నికయ్యారని చెప్పగలిగినవారు నా తరగతుల్లో తక్కువ. వీరత్వం అరుదైన సందర్భం. శాసనసభ్యత్వం రోజువారీ పని. స్త్రీకి మొదటిదాన్ని ఇచ్చి, రెండోదాన్ని మరిచిపోవడం మనకు సులువు.

5. ఆయన చెప్పారు, ఆమె చెప్పింది

ఇక వ్యాకరణం దగ్గరికి వద్దాం. మహద్వాచకం, అమహద్వాచకం అనే విభజన మీకు తెలిసిందే. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) మొదలుకొని మన వ్యాకరణాలు దీన్ని వివరించాయి. ‘రాముడు వచ్చాడు’ అంటాం. ‘సీత వచ్చింది’, ‘ఆవు వచ్చింది’, ‘బండి వచ్చింది’ అంటాం. ఏకవచనంలో స్త్రీకి, పశువుకు, వస్తువుకు క్రియ ఒకటే. బహువచనంలో మాత్రం ‘స్త్రీలు వచ్చారు’ అంటూ పురుషులతో సమానంగా నిలబెడతాం.

ఇక్కడ తొందరపడి ‘కాబట్టి తెలుగు భాషే స్త్రీ వ్యతిరేకి’ అని తీర్పు ఇవ్వకండి. తమిళంలో ఏకవచనంలోనూ స్త్రీకి వేరే క్రియారూపం ఉంది. అంతమాత్రాన తమిళ రాజకీయాల్లో స్త్రీలకు అవమానాలు తప్పలేదు. వ్యాకరణం వివక్షను పుట్టించదు. అయితే వివక్ష చూపదలచుకున్నవారికి అది ఒక వీలు కల్పిస్తుంది. పురుషుడికి గౌరవవాచకం తీసేస్తే ‘చెప్పాడు’ అవుతుంది. మర్యాద పోయినా మనిషిగా మిగులుతాడు. స్త్రీకి తీసేస్తే ‘చెప్పింది’ అవుతుంది. ఆమె ఆవు, బండి ఉన్న వరుసలోకి జారుతుంది. అందుకే రాజకీయ వార్తలో ‘ఆయన విమర్శించారు, ఆమె బదులిచ్చింది’ అని కనిపిస్తే దాన్ని చిన్న పొరపాటుగా వదిలేయకూడదు. ఇద్దరికీ ‘రు’ వాడవచ్చు, లేదా ఇద్దరికీ మానవచ్చు. ఒకరికి వాడి, ఒకరికి మానడం వ్యాకరణం చేసిన పని కాదు, రాసినవారు చేసిన ఎంపిక.

పదవుల పేర్లలోనూ ఇలాంటి చిక్కు ఉంది. ‘రాష్ట్రపతి’లోని ‘పతి’కి అధిపతి అని అర్థం. పదవికి స్త్రీ పురుష భేదం లేదు. 2022లో ఒక పార్లమెంటు సభ్యుడు ద్రౌపదీ ముర్మును ‘రాష్ట్రపత్ని’ అన్నారు. నోరు జారిందని తరువాత క్షమాపణ చెప్పుకున్నారు. జారినా జారకపోయినా ఆ మాట ఒక సంగతి బయటపెట్టింది. పతి అంటే అధిపతి, భర్త అని రెండు అర్థాలు. పత్ని అంటే భార్య అనే ఒక్క అర్థమే వాడుకలో మిగిలింది.

6. అమ్మ, అక్క, ఆడపడుచు

జయలలిత ‘అమ్మ’, మమతా బెనర్జీ ‘దీదీ’, మాయావతి ‘బెహన్‌జీ’. మన దగ్గర ఎన్.టి. రామారావు కూడా ‘అన్న’ కదా, ఇందులో వివక్ష ఎక్కడిది అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. వరుస కలిపి పిలవడం మన సంస్కృతి. అది స్త్రీలకు బలాన్నీ ఇచ్చింది. కాబట్టి పిలుపును చూసి కాదు, పిలుపు తరువాత ఏం అడుగుతున్నారో చూసి తీర్పు చెప్పాలి. ‘అన్న’ను రోడ్డు వేయించమని అడుగుతారు. ‘అమ్మ’ను రోడ్డు వేయించమనడంతో పాటు ఓర్చుకోమనీ అడుగుతారు. ఆమె కోప్పడితే ‘అమ్మలా లేదు’ అంటారు. అన్న కోప్పడితే అది పౌరుషం.

ఎన్నికల్లో ‘స్థానికత’ చర్చ మరో ఉదాహరణ. పుట్టిన ఊళ్లో పోటీ చేస్తే ‘పెళ్లయి వెళ్లిపోయిన పిల్ల’ అంటారు. మెట్టిన ఊళ్లో పోటీ చేస్తే ‘బయటి నుంచి వచ్చిన కోడలు’ అంటారు. పురుషుడికి ఊరు పుట్టుకతో వస్తుంది. స్త్రీ మాత్రం ప్రతిసారీ ఏదో ఒక ఊరికి తన హక్కు రుజువు చేసుకోవాలి.

7. అదే మాట, వేరే గొంతు

ఇవన్నీ మాటలే కదా, వీటి వల్ల నష్టమేమిటి అనే సందేహం సహజం. దీనికి జవాబుగా పశ్చిమ బెంగాల్ బీర్‌భూమ్ జిల్లాలో జరిగిన రెండు అధ్యయనాలను చూద్దాం. లోరీ బీమన్, ఎస్తేర్ డఫ్లో, రోహిణి పాండే, పెటియా టోపలోవా తదితరులు ఈ పరిశోధనలు చేశారు.

2009లో ప్రచురించిన మొదటి అధ్యయనంలో ఒకే ప్రసంగాన్ని కొందరికి పురుషుడి గొంతుతో, కొందరికి స్త్రీ గొంతుతో వినిపించారు. ఎప్పుడూ మహిళా ప్రధాన్ లేని ఊళ్లలోని మగవారు స్త్రీ గొంతు వినిపించినప్పుడు ఆ నాయకురాలి సామర్థ్యానికి తక్కువ మార్కులు వేశారు. మాట ఒక్కటే, గొంతు మారింది, విలువ తగ్గింది. రిజర్వేషన్ వల్ల మహిళా ప్రధాన్‌ను చూసిన ఊళ్లలో ఈ తేడా కనిపించలేదు. అయితే అక్కడ కూడా ‘నాయకుడు మగవాడైతే బాగుంటుంది’ అనే ఇష్టం పోలేదు. అనుభవం అంచనాను మార్చింది, ఇష్టాన్ని వెంటనే మార్చలేదు.

2012 నాటి రెండో అధ్యయనం 495 గ్రామాల పిల్లల మీద జరిగింది. రెండు విడతలు మహిళా ప్రధాన్ ఉన్న ఊళ్లలో, కౌమార వయసు ఆడపిల్లల, మగపిల్లల ఆశయాల మధ్య తేడా 32 శాతం తగ్గింది. చదువులో అంతరం చెరిగిపోయింది. ఆడపిల్లలు ఇంటిపనికి వెచ్చించే సమయమూ తగ్గింది.

ఈ ఫలితాలను మన చర్చకు అన్వయించి చూడండి. ఇది నా అన్వయం. మహిళా నాయకురాలిని చూడడం, వినడం వల్ల ఊరి పిల్లల ఆశలు మారుతున్నాయంటే, ఆమె కుర్చీలో భర్త కూర్చున్నప్పుడు పోయేది ఆమె అధికారం ఒక్కటే కాదు. ఎదురింటి పిల్ల వినవలసిన ఒక గొంతు పోతోంది. ఆ పిల్ల కనవలసిన ఒక కల పోతోంది. నా తరగతిలోని యువకుడికి తన సర్పంచి పేరు గుర్తు రాకపోవడం మతిమరుపు కాదు. ఆ పేరు అతనికి ఎవరూ వినిపించలేదు.

8. తారుమారు పరీక్ష, దాని పరిమితులు

ఒక వాక్యంలో వివక్ష ఉందో లేదో తేల్చడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. స్త్రీ ఉన్నచోట పురుషుణ్ణి పెట్టి చదవండి. ‘ఇంటినీ, పదవినీ ఎలా సమన్వయం చేసుకుంటున్నారు?’ అని మగ మంత్రిని అడుగుతారా? ‘ఆకుపచ్చ చొక్కాలో మెరిసిన ఎమ్మెల్యే’ అని రాస్తారా? వాక్యం వింతగా అనిపిస్తే అందులో ఏదో లోపం ఉన్నట్టే.

ఈ పరీక్ష అన్ని సందర్భాల్లో సరిపోదు. టి.ఎన్. సదాలక్ష్మి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మంత్రిగా, శాసనసభ ఉపసభాపతిగా పనిచేసిన దళిత నాయకురాలు. గోగు శ్యామల ‘నేనే బలాన్ని’ పేరుతో ఆమె బతుకు కథను రాశారు. ఇటువంటి నాయకురాలి అనుభవంలో స్త్రీ స్థానంలో పురుషుణ్ణి మాత్రమే మార్చి చూస్తే సగమే అర్థమవుతుంది. రిజర్వుడు స్థానంలో గెలిచిన దళిత సర్పంచి మీద భర్త పెత్తనం కంటే ఊరి పెద్ద కులాల పెత్తనం ఎక్కువగా ఉండవచ్చు. అప్పుడు కులాన్నీ మార్చి చదవాలి. ఒక్క కొలతతో అన్నింటినీ కొలవడం విమర్శ కాదు.

మరో హెచ్చరిక. మహిళా నాయకుల మీద వచ్చే ప్రతి విమర్శా వివక్ష కాదు. ఆమె విధానాన్ని, ఆమె పాలనలోని అవినీతిని, ఆమె మాట తప్పడాన్ని నిలదీయడం పౌరుల హక్కు. అలా నిలదీయడం ఆమెను సమానంగా చూడడమే.

9. నా వాక్యం

ఇతరుల తప్పులు చూపినవాడు తనది దాచుకోకూడదు. చాలా ఏళ్ల కిందట నేను రాసిన ఒక పాఠంలో ఒక మహిళా నాయకురాలి గురించి ‘స్త్రీ అయి ఉండి కూడా సమర్థంగా పాలించారు’ అని రాశాను. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. ఒక విద్యార్థిని తన అసైన్‌మెంట్ చివర ఇలా రాసింది: ‘సార్, ఆ వాక్యంలో కూడా అనే మాట తీసేస్తే బాగుండదా?’ ఆ జవాబుపత్రాన్ని దిద్దవలసినవాణ్ణి నేను. ఆమె నన్ను దిద్దింది.

ఆ రోజు నాకు రెండు సంగతులు తెలిశాయి. డాక్టరేట్ ఉన్నంత మాత్రాన చూపు దానంతటదే రాదు. ఒక చిన్న మాటను పట్టుకుని ప్రశ్నించడానికి డాక్టరేట్ అక్కర్లేదు. ఇప్పుడు పై వాక్యాలను మళ్లీ చదవండి. ఆ విద్యార్థినిని నేను ‘రాసింది’, ‘దిద్దింది’ అన్నాను. చిన్నదనే చనువుతో వచ్చిందా, లేక అలవాటుగా వచ్చిందా? పరిచయంలోని యువకుణ్ణీ ‘చెప్పాడు’ అనే అన్నాను. ఇద్దరికీ సమానంగానే మర్యాద తగ్గించానా? మీరే తేల్చండి.

10. సారాంశం

రాజకీయాల్లో స్త్రీల పట్ల వివక్ష తిట్టులోనే ఉండదు. ‘మగవాడంతటి మనిషి’ అనే పొగడ్తలో, గాజుల నిరసనలో, ఒకరికి ఇచ్చి మరొకరికి మానిన గౌరవవాచకంలో, వరుస కలిపి కోరే ఓర్పులో కూడా ఉంటుంది. రిజర్వేషన్ స్త్రీకి కుర్చీ ఇవ్వగలదు. ఆమెను ఆమె పేరుతో పిలవడం, అర్జీని ఆమె చేతికే ఇవ్వడం మాత్రం మన పని.

11. మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ) ‘గూంగీ గుడియా’ అనే తిట్టుకూ, ‘మంత్రివర్గంలో ఏకైక మగవాడు’ అనే పొగడ్తకూ ఉమ్మడిగా ఉన్న భావన ఏది?
ఆ) తెలుగు క్రియారూపాలు వివక్షను పుట్టిస్తాయా? పాఠంలోని వాదనను మీ మాటల్లో సమర్థించండి లేదా ఖండించండి.
ఇ) తారుమారు పరీక్షకు గల పరిమితులను వివరించండి.
ఈ) క్షేత్రకార్యం: మీ పంచాయతీలో లేదా మున్సిపల్ వార్డులో ఎన్నికైన ఒక మహిళా ప్రతినిధి పూర్తి పేరు తెలుసుకోండి. వీలైతే కలిసి, గత సమావేశంలో ఏం మాట్లాడారో అడిగి ఒక పుట రాయండి. జవాబు ఆమె నుంచే వినండి. పక్కన ఎవరైనా ఆమె తరఫున జవాబు చెబితే, ఆ సంగతి కూడా రాయండి.